ఉపేందర్ చెప్పిన దగ్గరి దారి

ఉపేందర్‌కు ఒళ్లు మండిపోయింది. మండదూ మరి! స్నేహితుడు స్టీఫెన్ పెళ్లయ్యేదాకా, ఆటలో వాడి ఓడ ఏ గ్రహం నుంచి ఏ గ్రహానికి పోవాలో చెప్పింది ఉపేందరే. ఆదివారం చర్చి కాగానే స్టీఫెన్ నేరుగా దిల్‌సుఖ్‌నగర్‌లోని ఉపేందర్ వాళ్ల చీరల కొట్టు మీది గదికి వచ్చేవాడు. అంతరిక్షంలో సరుకులు మోసి అమ్మే ఆట, ఇద్దరూ పక్కపక్కనే. సరుకు అమ్ముడుపోతే ఆ రోజుకు ఆట ఖతం, అదీ లెక్క. ఇప్పుడు స్టీఫెన్ కాపురం ఎల్బీనగర్‌లో. ఎవరింట్లో వాళ్లు హెడ్‌ఫోన్లు తగిలించుకోవడమే. సరే, దానికి సర్దుకున్నాడు. కానీ దారి చెప్పడానికి కూడా పెళ్లామేనా?

“గ్రేస్ దూరం దారి చూపెట్టిందిరా. గట్లనే పోత,” అన్నాడు స్టీఫెన్.

“దిమాక్ ఉన్నదా నీకు? దగ్గరి దారిల నడుమ స్టేషన్లల్ల ఆగుకుంట పోయినా సగం టైముల చేరుతవ్.”

“ఆగిన కాడల్లా లైన్ల నిలబడాలె కదన్నా,” గ్రేస్ గొంతు అందుకుంది. “గీ దారిల ఒక్కసారి వదిలేస్తే ఓడ అదే పోతది.”

నిన్నగాక మొన్న ఆట నేర్చిన మనిషి, తనకే పాఠాలు! ఉపేందర్ పందెం కట్టేశాడు. ఇద్దరి ఓడల్లోనూ మందులే. ముందుగా అమ్మినవాళ్లు గెలిచినట్టు. ఓడినవాళ్లు ఇక దారి ఊసెత్తకూడదు.

స్టేషన్ స్టేషన్‌కూ దిగడం, లైన్లో దూరడం, మళ్లీ లేవడం. ఉపేందర్ చెమటలు కక్కుతున్నాడు. చెల్లెలు ఇందు పెట్టిపోయిన చాయ్ చల్లారిపోయింది. హెడ్‌ఫోన్లలో మాత్రం ఉల్లిగడ్డలు వేగుతున్న చప్పుడు. స్టీఫెన్ పొయ్యి దగ్గర నిలబడి, చిన్నప్పుడు సరూర్‌నగర్ చెరువులో పడిన కథ గ్రేస్‌కు చెబుతున్నాడు.

చెరువులో పడ్డాడా? ఇన్నేళ్ల స్నేహంలో ఆ ముక్క తనతో అననే లేదే! ఎప్పుడంటాడు పాపం? తను చూపిన దగ్గరి దారుల్లో ‘ఎడమకు తిప్పు’, ‘బ్రేకెయ్’ తప్ప ఇంకో మాటకు సందుండేది కాదు.

ఆఖరి స్టేషన్ వచ్చేసింది. ఉపేందరే ముందు. అమ్మే మీట మీద వేలు పెట్టాడు. నొక్కితే గెలుపు తనదే. నొక్కితే ఆట ఖతం, ఈ పూటకు స్టీఫెన్ వెళ్లిపోతాడు కూడా.

“ఏమైందిరా, చేరినవా?” అడిగాడు స్టీఫెన్.

ఉపేందర్ వేలు వెనక్కి తీసుకున్నాడు.

“ఏడ చేరుడురా... లైన్ల ఇరుక్కున్న.”

“చెప్పిన కదన్నా!” గ్రేస్ పకపకా నవ్వింది.

ఉపేందర్ పళ్లు పటపట కొరికాడు. అయినా హెడ్‌ఫోన్లు తీయలేదు.

“అవునమ్మా, నువ్వు చెప్పిందే కరెక్టు,” అన్నాడు. “అరే స్టీఫెన్, చెరువుల పడ్డంక ఏమైంది? నాక్కూడ చెప్పురా.”