మెట్ల మీద బస్సు

నాకు నోరెక్కువని సౌదీలో, ఈ దమ్మామ్‌లో మా బిల్డింగంతా అంటుంది. అననీ. స్కూలు బస్సులో ఆయాగా పనిచేసి చూడండి, మీకూ పెరుగుతుంది. "బస్సు ఆగేదాకా ఎవురూ లేయగూడదు!" అని రోజూ అరిచి అరిచి నా గొంతు బొంగురుపోయింది.

యుద్ధం మొదలయ్యాక బడులు మూసి, ఇక్కడి పద్ధతిలో ఆదివారం నుంచి గురువారం దాకా పాఠాలు ఫోన్లలో చెప్పమని సర్కారు ఆజ్ఞ వచ్చింది. బస్సు షెడ్డుకు పోయింది. నేను ఇంట్లో కూర్చున్నాను.

పై అంతస్తు ఖాలిదా ఒకరోజు ఏడుస్తూ వచ్చింది. వాళ్లది కర్నూలు, మాది ప్రొద్దుటూరు.

"మాబున్నీ ఆపా, మా ఆసిఫా మంచం కింద నుంచి రాదు. ఫోన్లన్నీ ఒక్కసారిగా ఆ దాడి హెచ్చరిక మోత మోగినప్పటి నుంచి ఇట్లనే ఉండాది. ఫోను చూస్తేనే వణుకుతాంది. ఆదివారం కూడా క్లాసుకు రాకుంటే పేరు తీసేస్తామని బడోళ్లు మెసేజ్ పెట్టినారు."

నాకు ఒళ్లు మండింది. ఏడేళ్ల బిడ్డ జడుసుకుంటే పేరు కొట్టేస్తారా, వీళ్ల తెలివి తెల్లారినట్టే ఉంది! బస్సులో నా పక్క సీటు ఆ పిల్లదే. కడుపులో తిప్పుతుందని కిటికీ దగ్గర కూర్చోబెట్టేదాన్ని.

మోత వస్తే కిటికీలకు దూరంగా, మెట్ల దగ్గర ఉండమని సర్కారు చెప్పింది. సరే, పాఠానికీ మెట్లే మంచివనుకున్నాను. ఆదివారం పొద్దున్నే అక్కడ నిలబడి పళ్లేన్ని గరిటెతో వాయించాను.

"బస్సొచ్చింది! రాండి, రాండి!"

బిల్డింగులో ఉన్న మా బస్సు పిల్లలంతా ఫోన్లు పట్టుకుని దిగారు. నేను చెప్పకుండానే బస్సులో కూర్చునే వరసలో మెట్టుకు ఇద్దరుగా సర్దుకున్నారు. నా పక్కన మాత్రం ఖాళీ.

"ఆసిఫా రాలేదే. ఈ సీటు ఎవురికి కావల్ల?" అని పైకి వినబడేలా అడిగాను.

"నాకు! నాకు!" అని ఒకటే గోల.

పైన తలుపు తెరుచుకుంది. "అది నా సీటు!" తల దువ్వుకోకుండా, ఒంటి కాలికే చెప్పుతో ఆసిఫా దిగి వచ్చింది. వెనకాలే ఫోనుతో ఖాలిదా.

"లేటు! ఇంకోసారి లేటైతే బస్సు ఎళ్లిపోతాది," అని గదమాయించాను. గదమాయించకపోతే ఏడ్చేసేదాన్ని.

ఫోన్లో ఆసిఫా వాళ్ల టీచరు హాజరు పిలవడం మొదలుపెట్టింది. ఈ పిల్ల పేరు ఇంకా రాకముందే ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. అదే మోత. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. పిల్లల్ని పట్టుకోవాల్సినదాన్ని, నేనే పరుగెత్తబోయాను.

ఎవరో నా అబాయా అంచు పట్టి లాగారు. చూస్తే ఆసిఫా. వణుకుతూనే ఉంది.

"కూచో ఆయమ్మా! బస్సు ఆగేదాకా ఎవురూ లేయగూడదు!"

కూర్చున్నాను. పిల్లలూ కదల్లేదు. కాసేపటికి మోత ఆగింది. టీచరు గొంతు మళ్లీ వినిపించింది, హాజరు ఎక్కడ ఆపిందో అక్కడి నుంచే.

"ఆసిఫా?"

"ప్రెజెంట్, మిస్!"

నా చెయ్యి వదలకుండానే, బిల్డింగంతా అదిరేలా అంది. దీనికీ నోరెక్కువే. అల్లా, ఇంకా పెరగనీ.