నీలమ్మ కట్టె

వీధిలో ఎవరూ లేవకముందే సిద్దలింగప్ప తన తురాయి చెట్టు మొదట్లో పుట్టగొడుగులు ఏరేస్తున్నాడు. ఇది పదకొండో రోజు. ఏరినవాటిని పాత పేపర్లో చుట్టి, చెత్తబుట్ట అడుగున పెట్టి, పైన కూరగాయ తొక్కలు కప్పుతాడు. రైల్వేలో ఫిట్టరుగా చేసి రిటైరైన పెద్దమనిషి దొంగలా చేయాల్సిన పనేనా ఇది?

ఆ చెట్టు నాటింది ఆయన భార్య నీలమ్మ. మైసూరులో ఆ వీధికి ఇంకా తారు పడని రోజుల్లో, బియ్యం కడిగిన నీళ్లు పోసి, మేకలు కొరక్కుండా ముళ్లకంప కట్టి పెంచింది. ఆమె పోయిన ఏడాదికి సిద్దలింగప్ప దాని చుట్టూ నడుమెత్తు రాతి అరుగు కట్టించి, నాలుగు బండ్ల ఎర్రమన్ను నింపించాడు. అరుగును అక్కడ కట్టె అంటారు. మన చెవికి ఆ మాట అంత శుభంగా వినపడదు గానీ ఏం చేస్తాం, అందరి నోటా అది నీలమ్మ కట్టె.

దాని మీద ఎవరైనా కూర్చోవచ్చు, చెప్పులు మాత్రం కింద విడవాలి. మరిచిపోయారా, సిద్దలింగప్ప గేటు దగ్గర్నుంచే ఎగిరిపడేవాడు.

"దిగండి కిందికి! అది మా ఆవిడ కట్టె, మీ బస్టాండు కాదు!"

ఆ కేకను అనుకరించి నవ్వుకోనివాళ్లు వీధిలో లేరు.

మన్ను పోయించిన రోజే వద్దంది చిక్కతాయమ్మ, పక్క పార్కులో మొక్కలు చూసే మనిషి.

"మొదలు పూడ్చకండయ్యా. అక్కడ గాలాడాలి. చెమ్మకి బెరడు కుళ్లి పుట్టగొడుగులు లేస్తాయి. మిమ్మల్ని మెడ దాకా పాతేస్తే బతుకుతారా?"

"మా ఆవిడ చెట్టుకేం కావాలో నాకు తెలీదా? పోయి నీ పార్కు చూసుకో."

తొమ్మిదేళ్లు గడిచాయి. మొన్న గురువారం ఆమే వచ్చి, కొడవలి పిడితో మానును తట్టి చూసింది. చప్పుడు డొల్లగా వచ్చింది.

"లోపలేం లేదయ్యా. కార్పొరేషన్ ఆఫీసులో చెప్పండి, కొట్టేస్తారు. గాలివానలు దగ్గరపడ్డాయి."

"పైన చూడు, ఎంత నిండుగా పూసిందో!"

"పూస్తే? నిలబెట్టేది పువ్వులు కాదుగా."

కొట్టేస్తారన్న మాట ఆయన గుండెలో ముల్లులా దిగింది. ఆ రెండు రోజులూ పుట్టగొడుగులు ఇంకా తొందరగా ఏరాడు. ఇవాళ, శనివారం, ధైర్యం చేసి మన్నులోకి వేళ్లు పోనిచ్చాడు. బెరడు టీలో నానిన రొట్టెలా చేతిలోకి ఊడివచ్చింది. అక్కడే కూలబడి ఏడ్చాడు. నీలమ్మ చెట్టును చంపింది తనే. ఆమె మీది ప్రేమతోనే చంపాడు.

పదింటికి ఆఫీసుకెళ్లి కాగితం రాసిచ్చాడు. మంగళవారం వస్తామన్నారు. చుట్టూ తాడు కట్టి ఒక బోర్డు పెట్టమని కూడా చెప్పారు. బోర్డు పెడితే వీధంతా ఎందుకని అడుగుతుంది. ఏమని చెప్పాలి? మూడు రోజులేగా, నేనే కాపలా ఉంటాననుకుని గేటు దగ్గర కుర్చీ వేసుకున్నాడు. రోజూ కట్టె మీద కూర్చునే స్నేహితుడు గురుసిద్దప్పను కాఫీ వంకతో వసారాలోకి లాగాడు.

"ఏంట్రా ఈ మర్యాదలు? ఒంట్లో బాగుందా?" అన్నాడు గురుసిద్దప్ప.

చెప్పడానికి నోరు తెరిచాడు. సిగ్గు అడ్డొచ్చింది.

"మంగళవారం చెబుతాలేరా," అన్నాడు.

ఆదివారం సాయంత్రం మబ్బు కమ్మింది. ఉన్నట్టుండి గాలి లేచి కిటికీలు కొట్టుకుంటుంటే, మూసి వద్దామని సిద్దలింగప్ప లోపలికెళ్లాడు. తిరిగొచ్చేసరికి వాన దంచేస్తోంది. రోడ్డు మీద స్కూటర్ పడేసి ఇద్దరు కాలేజీ అమ్మాయిలు తురాయి కిందికి పరుగెత్తారు. వాళ్ల వెనకే సంచి నెత్తిన పెట్టుకుని గురుసిద్దప్ప. ముగ్గురూ గబగబా కట్టె ఎక్కారు.

"దిగండి! దిగండి కిందికి!" సిద్దలింగప్ప గొంతు చించుకున్నాడు.

అమ్మాయిలు కాళ్ల వంక చూసుకుని నాలుక్కరుచుకున్నారు.

"సారీ తాతా! విడిచేస్తున్నాం!"

"పిడుగులు పడుతున్నా నీ చెప్పుల గోల మానవేంట్రా?" గురుసిద్దప్ప నవ్వాడు. "మా చెల్లెమ్మ కట్టెరా ఇది, నన్ను తడవనిస్తుందా?"

"చెప్పులు కాదురా! చెట్టు..."

ఉరుములో ఆ మాట కలిసిపోయింది. ముగ్గురూ దిగారు. బుద్ధిగా చెప్పులు విడిచి, వాటిని కాస్త దూరంగా గోడవారన వరసగా పెట్టి, మళ్లీ కట్టె ఎక్కారు. సిద్దలింగప్ప గేటు తోసుకుని వట్టికాళ్లతో పరుగెత్తాడు. నాలుగడుగులు వేశాడో లేదో, కాళ్ల కింద నేల వేళ్లతో సహా పైకి లేచింది.

వాన వెలిసేసరికి వీధంతా అక్కడే ఉంది. తురాయి రోడ్డుకు అడ్డంగా పడి ఉంది, దాని మీద పువ్వులింకా ఎర్రగానే ఉన్నాయి. చిక్కతాయమ్మ గోడవార కూర్చుని, మూడు జతల చెప్పుల్లోంచి ఒక్కొక్కదాన్నే తీసి నీళ్లు వంపుతోంది. సిద్దలింగప్ప వాటి పక్కనే బురదలో చతికిలబడ్డాడు. ఎవరెంత లేపినా లేవలేదు. ఆ చెప్పులు వేసుకోవడానికి ఎవరూ రాలేదు.