మూడు రోజులు ఊపిన చెయ్యి

ఇరవై రెండేళ్ళ సర్వీసులో డ్రైవరుకి జనం చప్పట్లు కొట్టడం అదే మొదటిసారి. అంతవరకూ ఆయనకి జనం దగ్గర దక్కినవన్నీ తిట్లే. ఆపితే ఎందుకాపావని లోపలివాళ్ళు తిట్టేవాళ్ళు, ఆపకపోతే ఎందుకాపలేదని బయటివాళ్ళు తిట్టేవాళ్ళు. సడన్ బ్రేకు వేస్తే ఇక చెప్పనక్కర్లేదు, ఎప్పుడో చనిపోయిన ఆయన నాన్నని కూడా లేపి మరీ తిట్టేవాళ్ళు. తిట్లు జీతంలో భాగమేనని ఆయన ఎప్పుడో సర్దుకుపోయాడు.

అలాంటి మనిషికి మహమ్మారి రోజుల్లో ఆసుపత్రి సిబ్బందిని చేరవేసే బస్సు అప్పజెప్పారు. ఊరంతా తలుపులు బిగించుకుని కూర్చుంటే రోడ్డు మీద ఆసుపత్రి బస్సులు తప్ప ఏవీ తిరిగేవి కావు. సాయంత్రం ఏడయ్యేసరికి జనం బాల్కనీల్లోకీ వాకిళ్ళలోకీ వచ్చి, వైద్యులకీ నర్సులకీ మరికొందరికీ కలిపి ఒకేసారి చప్పట్లు కొట్టేవాళ్ళు. సరిగ్గా ఆ వేళకే ఈయన బస్సు వీధుల్లోంచి వెళ్ళేది. లోపలున్న నర్సులు రాబోయే పన్నెండు గంటలకి సరిపడా ఆ అరగంటలోనే కునుకు తీసేవాళ్ళు కాబట్టి ఆ చప్పట్లన్నీ ఈయన ఖాతాలోనే పడేవి. కొందరు అట్టముక్కల మీద "ధన్యవాదాలు" అని రాసి పైకెత్తి చూపించేవాళ్ళు. ఈయన రెండుసార్లు హారన్ కొట్టి, కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి ఊపేవాడు. ఇంటికెళ్ళి భార్యకి చెప్పుకునేవాడు. ఆవిడ విని విని, "మీకు ఓట్లు కూడా వేసేట్టున్నారే" అనేది.

ఆయన దారిలో ఆరో స్టాపులో ఎవరూ ఎక్కరు. ఎక్కేవాళ్ళు లేకపోయినా చప్పట్లు కొట్టేవాళ్ళు మాత్రం అక్కడే ఎక్కువ. ఒక సోమవారం ఆ గుంపుకి పది అడుగుల దూరంలో ఒక పెద్దావిడ విడిగా నిలబడి, రెండు చేతులూ ఎత్తి ఊపింది. మామూలు చీర, భుజాన ఒక గుడ్డ సంచి. చేతిలో ఏదో చిన్న కాగితం. ఈయన మామూలుగానే హారన్ కొట్టి, చెయ్యి ఊపి, సాగిపోయాడు. మంగళవారం ఆవిడ రోడ్డు అంచుదాకా వచ్చి ఊపింది. ఈయన ఇంకాస్త ఉత్సాహంగా ఊపాడు. బుధవారం ఆవిడ బస్సు వెనకాల కొంతదూరం పరిగెత్తింది. అద్దంలో చూసిన డ్రైవరుకి ఒళ్ళు పులకరించింది.

"ఆ వయసులో పరిగెత్తిందే! ఏం అభిమానమే అది!" అన్నాడు ఇంటికెళ్ళి. భార్య కూడా కళ్ళు తుడుచుకుంది.

ప్రతి ట్రిప్పు అయ్యాక ఏ స్టాపులో ఎంతమంది ఎక్కారో షీటులో రాసి సంతకం పెట్టాలి. ఆరో స్టాపు ఎదురుగా మూడు రోజులూ సున్నా చుట్టాడు. అందులో ఆయనకి అనుమానమేమీ రాలేదు, ఎక్కినవాళ్ళు లేరు కదా.

గురువారం బస్సులో హెడ్ నర్సు ఎందుకో నిద్రపోలేదు. ముందు సీట్లోకి వచ్చి కూర్చుని నిట్టూర్చింది.

"ఏంటి సిస్టరమ్మా, నిద్ర రాలేదా?"

"ఎక్కడి నిద్ర బాబాయ్. వార్డులో దుప్పట్లు సరిపోవట్లేదు. ఉతికే మనిషిని తీసేశారు. మా దుప్పట్ల పిన్ని."

ఆ పిన్ని సంగతి హెడ్ నర్సే చెప్పుకొచ్చింది. ఆసుపత్రి లాండ్రీ మధ్యలో గోడ ఉంటుంది. ఒకవైపు మురికి దుప్పట్లు, రెండోవైపు ఉతికినవి. మురికివైపు పనిచెయ్యడానికి ఎవరూ ముందుకు రాలేదు, ఈ పిన్ని వచ్చింది. ఆ వైపు తలుపు రాత్రి ఎనిమిదింటికి మూసేస్తే తెల్లారేదాకా తియ్యరు. అందుకని ఒక్క నిమిషం ఆలస్యమైనా లోపలికి పోనివ్వరు. మొన్నటిదాకా ఆవిణ్ణి ఆసుపత్రి హాస్టల్లోనే ఉంచారు. మంచాలు చాలక, సోమవారం నుంచి ఇంటినుంచి రమ్మన్నారు.

"ఆ ఆరో స్టాపు దగ్గరే ఇల్లు. మూడు రోజులూ బస్సు ఆగలేదట. ఆసుపత్రి కార్డు ఎత్తి చూపించిందట కూడా. ఎవడో డ్రైవరు చెయ్యి ఊపుకుంటూ పోయాడట బాబాయ్! మూడు రోజులూ నడిచొచ్చింది. అప్పటికి తలుపు మూసేశారు. మా సూపర్వైజరు మీ డిపోకి ఫోన్ చేసి అడిగితే, ఆ స్టాపులో అసలెవరూ లేరని షీటులో ఉందన్నారట. ఇంకేముంది, అబద్ధాలు చెప్తోందని తీసేశారు."

డ్రైవరు కాలు యాక్సిలరేటరు మీంచి లేచింది. బస్సు నెమ్మదించింది.

"మీరు కాదులెండి బాబాయ్," అంది హెడ్ నర్సు. "మీరైతే ఆపకుండా పోతారా? ఇంకో బస్సు నడిపే తలపొగరు వెధవెవడో అయ్యుంటాడు."

ఆ క్షణంలో ఒక్కమాట అంటే అయిపోయేది. "నేనేనమ్మా" అంటే చాలు. కానీ వచ్చే ఆదివారం కాక ఆపై ఆదివారం డిపోలో ఆయనకి సన్మానం. బస్సు వెనకాల ఆయన నిలువెత్తు ఫొటో అతికిస్తామన్నారు. భార్య అప్పుడే చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పేసింది. డ్రైవరు రోడ్డువైపు చూస్తూ, "అయ్యో పాపం" అన్నాడు. ఆ మాట అన్నందుకు ఆయనకి ఆయన మీదే అసహ్యం వేసింది.

శుక్రవారం హారన్ కొట్టలేదు. శనివారం జనం చప్పట్లు కొడుతుంటే కిటికీ అద్దం ఎక్కించేశాడు. ఆరో స్టాపు దగ్గరికి వచ్చేసరికి తేలు కుట్టిన దొంగలా మెడ తిప్పకుండా నడిపాడు. ఆవిడ ఎటూ రాదని తెలుసు. అయినా అద్దంలో చూడ్డానికి భయపడ్డాడు. ఆదివారం అన్నం ముందు కూర్చుని కెలుకుతుంటే భార్య కంచం లాగేసింది.

"నాలుగు రోజుల్నుంచి చూస్తున్నా. ఏంటో చెప్పండి. ఒంట్లో బాగాలేదా?"

చెప్పాడు. ఆవిడ కంచం పట్టుకునే కింద కూర్చుంది.

"ఆవిడ పరిగెత్తిందంటే నేను ఏడ్చాను కూడా," అంది. తరవాత కాస్త చిన్న గొంతుతో, "అయితే ఫొటో పెట్టరా?" అని అడిగింది. అడిగాక సిగ్గుపడింది. "పొద్దున్నే వెళ్ళి రండి. వెళ్ళకపోతే ఈ ఇంట్లో మీకు ముద్ద దిగదు, నాకూ దిగదు."

సోమవారం పొద్దున్న డ్రైవరు ముందు డిపోకి వెళ్ళి కంట్రోలర్ని కలిశాడు. కంట్రోలర్ చెడ్డవాడు కాదు, తలనొప్పులు అంటే పడదు అంతే.

"సంతకం పెట్టిన షీటు దిద్దితే నీకు మెమో వస్తుంది. సన్మానం గాలికి పోతుంది. ఒక పని చెయ్యి. గుంపు ఎక్కువగా ఉండటం వల్ల ఆవిడ కనబడలేదని రాసివ్వు. నీ తప్పూ ఉండదు, ఆవిడ తప్పూ ఉండదు."

ఆ ఉపాయం వినగానే డ్రైవరుకి ప్రాణం లేచొచ్చినట్టయింది. అక్కడే రాసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆరో స్టాపు పక్కన ఒక సరుకుల కొట్టుంది. కొట్టాయన ఈయన్ని గుర్తుపట్టి చేతులు జోడించినంత పనిచేశాడు. "మీరా సార్! మీ హారన్ లేక మూడు రోజుల్నుంచి మాకు బోసిగా ఉంది." డ్రైవరు పెద్దావిడ ఇల్లు అడిగితే ముఖం ముడిచాడు. "ఆసుపత్రి గుడ్డలుతికే ఆవిడా? వెనకసందులో చివరిల్లు. జాగ్రత్త సార్, దూరం నుంచి మాట్లాడండి. బస్సు దగ్గర కూడా మాతో కలిసి నిలబడొద్దని మేమే చెప్పాం."

డ్రైవరు సందులోకి నడిచాడు.

చివరింటి గడప మీద కూర్చుని ఆవిడ చేతులకి నూనె రాసుకుంటోంది. ఆ చేతులు మోచేతుల దాకా ఎర్రగా పగిలి ఉన్నాయి. మందుల నీళ్ళలో నానిన చేతులని ఎవరూ చెప్పకుండానే తెలుస్తోంది. మాస్కు పైన కళ్ళు చూడగానే ఆవిడ గుర్తుపట్టింది.

"నువ్వు ఊపే బాబువి కదూ?"

డ్రైవరు చేతులు జోడించాడు. "తప్పయిపోయిందమ్మా. మీరూ చప్పట్లు కొట్టడానికే వచ్చారనుకున్నాను. బస్సు కోసమని తెలీలేదు."

"అనుకున్నా," అంది ఆవిడ. "నిన్ను చూస్తే కావాలని పోయేవాడిలా అనిపించలేదు. అంత సంబరంగా చెయ్యి ఊపుతూ ఎవరైనా కావాలని ఆపకుండా పోతారా? ఒక మాట చెప్పనా? మొదటిరోజు నాకు కోపం రాలేదు. హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ ఈ చప్పట్లు దూరంనుంచి వినడమే. నన్ను చూసి చెయ్యి ఊపిన మనిషి నువ్వొక్కడివే. బస్సు పోయినా ఊపాడు కదా అనుకున్నా. రెండోరోజు భయం వేసింది. మూడోరోజు ఏడుపొచ్చింది."

డ్రైవరుకి ఆవిడ తిట్టుంటే బాగుండుననిపించింది. తిట్లయితే ఆయనకి అలవాటే.

జేబులోంచి కాగితం తీసి చదివి వినిపించాడు. గుంపు వల్ల కనబడలేదు అన్న మాట దగ్గర ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"చూశావు కదా బాబూ."

"చూశాననుకోండి... కానీ ఇలా రాస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదని..."

"నీకుండదు. నాకుంటుంది. నేను అక్కడ నిలబడ్డానని చెప్పేవాళ్ళు ఇంకెవరున్నారు? ఈ వీధివాళ్ళు చెప్తారా? వాళ్ళు నావైపు చూడనే చూడరు. చూసినవాడివి నువ్వొక్కడివి. నువ్వు కూడా కనబడలేదంటే నేను అక్కడ లేనట్టే కదా."

డ్రైవరు కాగితం చింపేశాడు. ఆవిడ ఇంట్లోంచి ఒక నోటుపుస్తకం తెచ్చి పేజీ చింపి ఇచ్చింది. గడప మీదే కూర్చుని రాశాడు. సోమ, మంగళ, బుధవారాలు ఆమె ఆరో స్టాపులో కార్డు చూపిస్తూ బస్సు ఆపమంది, నేను చూశాను, చప్పట్లు కొట్టే మనిషనుకుని చెయ్యి ఊపి వెళ్ళిపోయాను, షీటులో సున్నా వేసింది నేనే. రాసింది ఆయనే చదివాడు. ఆవిడ తల ఊపింది.

"మంచిది. తెలిసిన వెంటనే వచ్చావు. వేరేవాడైతే తెలిసినా రాడు."

డ్రైవరు నోరు తెరిచాడు. నాలుగు రోజుల కిందటే తెలుసనీ, నిన్నటిదాకా నోట్లో మాట దాచుకుని తిరిగాననీ చెప్పాలి. చెప్పలేకపోయాడు. "వస్తానమ్మా" అని లేచాడు.

డిపోలో షీటు దిద్ది సంతకం పెట్టాడు. కంట్రోలర్ తల పట్టుకున్నాడు. మెమో వచ్చింది, ఫొటో ఆగిపోయింది. ఆ చోట్లో ఇంకో డ్రైవరు ఫొటో పెడతామన్నారు. ఆ మధ్యాహ్నమే కాగితం పట్టుకుని లాండ్రీ సూపర్వైజరు దగ్గరికి తనే వెళ్ళాడు. ఆయన రెండుసార్లు చదివి, "మిమ్మల్ని హీరో అన్నారు కదయ్యా" అన్నాడు. మురికివైపు పనికి ఆ మధ్యలో మరో మనిషి దొరకలేదు. గురువారం నుంచి రమ్మని పిన్నికి కబురు పంపారు.

విషయం తెలిశాక హెడ్ నర్సు రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఎక్కేటప్పుడు "బాబాయ్" అనడం మానేసింది. అది మెమో కన్నా గట్టిగా తగిలింది.

గురువారం సాయంత్రం ఆరో స్టాపులో ఎప్పటిలాగే గుంపు ఉంది. పది అడుగుల అవతల సంచితో పెద్దావిడ ఉంది. డ్రైవరు బస్సుని గుంపు దగ్గర కాకుండా ఆవిడ ముందుకి తీసుకెళ్ళి ఆపాడు. జనం చప్పట్లు కొడుతూనే బస్సు వెంట నాలుగడుగులు వచ్చారు. ఆవిడ మెట్టెక్కడం చూసి ఆగిపోయారు, వెనక్కి జరిగారు. ఆవిడ లోపలికి వచ్చేదాకా ఒక్క చప్పుడు లేదు. తలుపు మూసుకున్నాక మళ్ళీ చప్పట్లు మొదలయ్యాయి.

డ్రైవరుకి ఒళ్ళు మండిపోయింది. కిటికీ అద్దం దించి వాళ్ళని నాలుగు దులిపేద్దామనుకున్నాడు.

వెనక సీట్లోంచి ఆవిడ అంది. "ఏమీ అనకు బాబూ. నేను కనబడటానికి నీకు మూడు రోజులు పట్టింది. వాళ్ళకి ఇంకొన్నాళ్ళు పడుతుంది."

అద్దం సగంలోనే ఆగిపోయింది. బస్సు కదిలింది. రెండు వీధులు దాటింది.

"మూడు కాదమ్మా," అన్నాడు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "ఏడు. మిమ్మల్ని తీసేసిన సంగతి గురువారమే తెలిసింది నాకు. ఎవడో అనుకుని ఈ సిస్టరమ్మ నా ముందే తిట్టింది. నేనేనని చెప్పలేదు. ఫొటో పోతుందని నాలుగు రోజులు నోరు మూసుకున్నాను. మీరేమో వెంటనే వచ్చానని మెచ్చుకుంటే, అది కూడా తీసుకుని వెళ్ళిపోయాను."

అద్దంలో చూస్తే హెడ్ నర్సు కళ్ళు తెరిచే ఉంది. మిగిలిన దారంతా ఇంజను చప్పుడే.

ఆసుపత్రి గేటు దగ్గర అందరూ దిగాక ఆవిడ చివర్న లేచింది. సంచి భుజాన వేసుకుని, మెట్టు మీద ఒక క్షణం ఆగింది. డ్రైవరు తల తిప్పి ఆవిడ ముఖంలోకి చూశాడు. అందులో కోపం ఉందో లేదో మాస్కు వల్ల తెలియలేదు.

"రేపు కూడా ఆపు," అని దిగి వెళ్ళిపోయింది.