చెవి తిప్పితే కదిలే రైలు

అటక మీంచి అంతోని అట్టపెట్టె దించిన రోజు వ్యాసర్పాడిలో ఎండ ఎట్లా కాసిందంటే, గోడమీది కాకి నీడ కోసం తన రెక్క కిందికి తనే దూరింది. ఇది అంతోని మాట. ఆయన మాటల్లో అబద్ధం తీసేస్తే దగ్గు తప్ప ఇంకేమీ మిగలదని భార్య ఆరోగ్యమేరి అంటుంది.

పెట్టెలో రేకు రైలుంది. నల్ల ఇంజను, వెనక ఎర్ర పెట్టెలు, గుండ్రంగా తగిలించుకునే పట్టాలు. అంతోని చిన్నప్పుడు, పెరంబూరు వదిలి ఆస్ట్రేలియా పోతూ ఒక ఇంజను డ్రైవరు, తన ఇంజనులో బొగ్గు వేసిన అంతోని నాయనకు దాన్ని ఇచ్చిపోయాడు.

"ఇదో, చెప్తుండా. పిల్లకాయలు ఈసారీ దీన్ని ముట్టలేదంటే పాత ఇనుపోడికి ఎత్తేస్తా" అంది ఆరోగ్యమేరి. "కుక్కరు పెట్టేదానికి చోటు లేదు, ఈయన స్టేషను పెట్టినాడు!"

"పెడితే ఏం? స్టేషను మాస్టరమ్మవు నువ్వే గదా" అని నవ్వాడు అంతోని. లోపల మాత్రం గుబులే. ఆవడి నుంచి సెలవులకొచ్చిన కూతురి పిల్లలు జెబ, ఆంటో రేపు పొద్దున పోతారు. వచ్చినప్పటి నుంచీ వాళ్లకు ఫోనే లోకం.

"జెబా, ఈ బండి తక్కువది కాదు. ఒకసారి పట్టా దిగి, గడప దాటి, నేరుగా రైళ్ల యార్డుకు పోయి నిలబడింది. వెనకొచ్చిన గూడ్సు బండి, 'అన్నా, రవంత జరుగు' అని కూత పెట్టింది."

"పో తాతా, చుమ్మా రీలు వదుల్తుండావు, అంతా అబద్దం." జెబ తలెత్తలేదు.

"రీలా? అయితే దా. చెవి తిప్పి చూడు!"

జెబ ఫోను కింద పెట్టింది. దగ్గరికొచ్చింది. తాత కుడి చెవి పట్టుకుని గట్టిగా మెలేసింది.

"అమ్మో! నాది కాదే, బండి చెవి!"

"బండికి చెవి ఏడుండాది తాతా?"

పిల్ల తప్పేమీ లేదు. సూళ్లూరుపేట నుంచి అంతోని నాయన మూట కట్టుకొచ్చిన తెలుగులో తాళం తీసేదీ చెవే, బొమ్మకు కీ ఇచ్చేదీ చెవే. అరవ బడిలో చదివే జెబకు అది సావి. చెవంటే ఆమెకు తెలిసింది తాత తలకు రెండు పక్కలా వేలాడేదొక్కటే.

జెబ చెయ్యి మళ్లీ ఫోను వైపు పోతోంది. అంతోని గబుక్కున అందుకున్నాడు.

"తప్పేం లేదులే. ముందు డ్రైవరు చెవి, అంటే నాది తిప్పాల, కూత వస్తాది. ఆనక బండి చెవి తిప్పాల, కదుల్తాది."

జెబ అనుమానంగా చూసి, ఈసారి తాత ఎడమ చెవి మెల్లిగా తిప్పింది. "కూ..." అన్నాడు అంతోని. వంటింట్లో ఆరోగ్యమేరి చేతిలో గరిటె జారింది. ఆంటో పరిగెత్తుకొచ్చాడు.

మెళ్లో సిలువ పక్కన కట్టుకున్న చిన్న ఇత్తడి చెవి విప్పి, అంతోని జెబ చేతిలో పెట్టాడు. "మెల్లిగా. గట్టిపడితే నిలిపెయ్. లోపల స్ప్రింగు నా ఈడుది."

జెబ నాలుక కొరుక్కుంటూ తిప్పింది. కరకరమంది. బండి కదల్లేదు.

"అక్కా, తాత చెవి ఇంకోసారి తిప్పు" అన్నాడు ఆంటో.

తిప్పింది. కూత ఊపుకు తాత మోకాలు పట్టాలు పరిచిన బల్లకు తగిలిందో, పొద్దున స్ప్రింగులో పోసిన కొబ్బరినూనె అప్పటికి దిగిందో, ఇంజను ఉలిక్కిపడి బయల్దేరింది. ఇక ఆ రోజు అన్నానికి పిలిచినా ఎవరూ లేవలేదు. సాయంత్రానికి అంతోని చెవులు వంకాయ రంగుకొచ్చాయి.

మర్నాడు ఆరోగ్యమేరి అడిగింది. "ఏమ్మే, బండి ఎత్తుకుపోతావా, ఇనుపోడికి ఇచ్చేదా?"

"ఈడనే ఉండనీ అవ్వా. ఆడ ఆంటో తొక్కేస్తాడు."

అంతోని మొహం వాడింది.

"చెవి మాత్రం నాది." జెబ గౌను మెడలోంచి దారం లాగి చూపించింది. "నేను లేకుండా ఎవురూ తిప్పకూడదు. తాత కూడా! శనివారం వస్తా."

ఆరోగ్యమేరి కొంగుతో ఇంజను తుడిచి, పెట్టెలో సర్ది, కుక్కరును పక్కకు జరిపి దాన్ని పెట్టింది.

ఆ సాయంత్రం టీ అంగడిలో అంతోని స్నేహితుడు కుప్పుసామితో గొప్పగా చెప్పాడు. "మా మనవరాలు నా చెవి మెళ్లో ఏసుకొని ఆవడి పోయిందయ్యా."

కుప్పుసామి ఆయన తలకు రెండు పక్కలా చూశాడు. "రెండూ ఉండాయే!"

"ఇదా?" అంతోని కమిలిన చెవి తడుముకున్నాడు. "ఇది పొద్దున మొలిచింది. శనివారానికి కావాల గదా."