కత్తివీరుడి వాటా

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ ఇంట్లో బల్ల మీది గిన్నెలు తీసేసి పాచికలు పెట్టేవారు. మందుల షాపు నడిపే ఇల్లాలు కథ చెప్పేది. మిగతా ముగ్గురూ ఆ కథలో పాత్రలు. లిఫ్టు మెకానిక్ అయిన ఆవిడ భర్త కత్తివీరుడు. లెక్కల ట్యూషన్లు చెప్పే ఆవిడ తమ్ముడు మాంత్రికుడు. నర్సుగా రిటైరైన అత్తగారు దొంగ. ఎవరు ఏం చేస్తామన్నా పాచిక వేయాలి. పెద్ద అంకె పడితే పని జరిగినట్టు, లేకపోతే లేనట్టు.

మొదటి నెలంతా కత్తివీరుడిదే రాజ్యం. మాంత్రికుడు ఓ నిప్పురవ్వ విసిరి ఆయాసపడుతుంటే మెకానిక్ అతన్ని వెనక్కి లాగి ప్రాణం కాపాడేవాడు. ఆట సాగేకొద్దీ మాంత్రికుడు కొత్త కొత్త మంత్రాలు నేర్చాడు. కత్తివీరుడు మాత్రం అదే కత్తిని కాస్త గట్టిగా ఊపడం నేర్చాడు.

ఓ ఆదివారం కథలో వంతెన కూలింది.

"అందర్నీ నేను ఎగరేసుకెళ్తా" అన్నాడు తమ్ముడు. అవతల తలుపుకు తాళం. "తెరిచే మంత్రం ఉంది." లోపల పన్నెండుమంది బందిపోట్లు. "నిద్రపుచ్చేశా."

మెకానిక్ చేతిలో పాచిక చేతిలోనే ఉండిపోయింది. "మరి నేను?"

"నువ్వు కాగడా పట్టుకో బావా." తమ్ముడు ఒక్క క్షణం ఆలోచించాడు. "వద్దులే, వెలుగు మంత్రం కూడా ఉంది."

అత్తగారు పక్కున నవ్వింది. మెకానిక్ కూడా నవ్వాడుగాని, లేచివెళ్లి ఆరిన బట్టలు మడతపెట్టడం మొదలెట్టాడు. ఎవరూ చెప్పకుండా ఆయన బట్టలు మడతపెట్టాడంటే మనసు బాగా నొచ్చుకుందన్నమాట.

మరుసటి వారం భార్య కథలో కత్తివీరుడికి ఓ మాయఖడ్గం దొరికింది. ఊపితే మంటలు కక్కుతుంది.

"అంటే నాకూ మంత్రాలే ఇచ్చావు. ఉత్త కత్తితో పనికిరానని తేల్చేశావు" అన్నాడాయన.

ఆపై వారం మాంత్రికుడికి రోజుకు మూడే మంత్రాలని షరతు పెట్టింది. తమ్ముడు మొదటి గదిలోనే మూడూ వాడేసి, "ఇక పడుకుందాం. తెల్లారితే మళ్లీ మూడొస్తాయి" అన్నాడు.

"ఇప్పుడేగా లేచాం నాయనా! ఇంకా మొహం కూడా కడగలేదు" అంది అత్తగారు.

ఆ మధ్యాహ్నం ఆటలో నాలుగుసార్లు తెల్లారింది.

తర్వాతి ఆదివారం ఆట వేళకి మెకానిక్ "అర్జెంటు కాల్" అంటూ సంచి తగిలించుకుని వెళ్లిపోయాడు. సాకేమోనని భార్యకు అనుమానం. ఫోను మరిచిపోయాడుగా, అదిచ్చే నెపంతో వెనకే వెళ్లింది. కాల్ నిజమే. వీధి చివరి భవనంలో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఇరుక్కుంది. లోపలినుంచి ఎవరో ఆవిడ ఏడుపు.

మెకానిక్ సంచి కూడా విప్పలేదు. తలుపుకు చెవి ఆనించాడు.

"అమ్మా, ఆగేముందు కిర్రుమందా, టక్కుమందా?"

"ట... టక్కుమంది."

"అయితే ఏం భయంలేదు. గొళ్లెం జారిందంతే. ఎదురుగా గోడ కనిపిస్తోందా, సందు కనిపిస్తోందా?"

పది నిమిషాల్లో ఆవిడ బయటికొచ్చింది. ఇన్నాళ్లూ నా ఆటలో ఈ మనిషిని 'ఎంత గట్టిగా కొడతారు?' అనే అడిగాను తప్ప, ఈయన్ని ఏదైనా అడగనిచ్చానా అనుకుంది భార్య.

వచ్చే ఆదివారానికి కొత్త నియమం రాసింది. ప్రతి గదిలోనూ కత్తివీరుడు మూడు ప్రశ్నలు వేయొచ్చు. కథ చెప్పే తను నిజం చెప్పి తీరాలి. ఆ జవాబుల్ని బట్టి చేసే పనికి పాచిక అక్కర్లేదు.

ఆరోజు కోట గుమ్మానికి ఇనపతలుపు అడ్డొచ్చింది. తమ్ముడు తెరిచే మంత్రం వేశాడు.

"దానికి తాళమే లేదురా. బరువు, అంతే" అంది అక్క.

మెకానిక్ ముందుకు వంగాడు. "పైకి లేస్తుందా, పక్కకి జరుగుతుందా?"

"పైకి."

"అయితే దాన్ని పైకి లాగే ఎదురుబరువు ఎక్కడో వేలాడుతుండాలి. ఎక్కడుంది?"

ఆవిడ కాగితాలు తిరగేసి, అక్కడ ఏమీ లేకపోవడంతో అప్పటికప్పుడు కల్పించింది. "ఎడమ బురుజులో."

"దానికి కిటికీ ఉందా?"

"పైన చిన్న కంత."

"బామ్మర్దీ, నువ్వు అమ్మని అక్కడికి ఎగరేసుకెళ్లు. అమ్మా, నువ్వు లోపల దూరి ఆ బరువుకి ఇంకో రెండు బండలు కట్టు."

తలుపు లేచింది. తమ్ముడే ముందు చప్పట్లు కొట్టాడు.

రెండు వారాలు తిరిగేసరికి మెకానిక్‌ని పట్టడం కష్టమైంది. బందు ఇత్తడిదా ఇనుముదా అని ఒక్క తలుపు దగ్గరే ముప్పావుగంట నిలబెట్టాడు. ఆవిడ షాపులో గిరాకీ లేనప్పుడల్లా కప్పీల గురించి చదువుకోవాల్సొచ్చింది.

"అక్కా, ఇది అన్యాయం! బావకి బలం మరీ ఎక్కువైంది. రెండు ప్రశ్నలు చెయ్యి."

"అయితే నీ మంత్రాలూ రెండు చెయ్యమను" అన్నాడు మెకానిక్.

"నేను లెక్క వేసి చూపిస్తా బావా!"

"నీ లెక్క నాకెందుకు, నా లిఫ్టు ఆడుతోందిగా!"

ఆవిడ రాసిన నియమాలు చెరిపే రబ్బరు చేత్తో పట్టుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఈ ఆదివారం బట్టలు మడతపెట్టడానికి ఎవరూ లేవలేదు. ఏదీ చెరపకుండా రబ్బరు కింద పెట్టేసింది.

"మీ తగువు తేలేలోపు నేను ఖజానా గదిలోకి వెళ్లొస్తాను" అని అత్తగారు పాచిక వేసింది. పెద్ద అంకే పడింది.