పదిహేడో కడ్డీ

సెమినార్ హాల్లో తెర మీద పటం పడగానే భీమయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలో టీ ట్రే ఉంది కాబట్టి సరిపోయింది.

యూనివర్సిటీ హాస్టళ్ళ వెనక నుంచి అడిక్‌మెట్ గోడ దాకా గీసిన ఆ సర్వే దారి ఆల్మాజ్‌ది. ఇథియోపియా నుంచి భూభౌతిక శాస్త్రంలో పీహెచ్‌డీ చేయడానికి వచ్చి, తార్నాకలో గది అద్దెకు తీసుకుని ఉంటున్న పిల్ల. ఏప్రిల్, మే ఎండల్లో అయిదేసి మీటర్లకు ఒక ఇనుప కడ్డీ భూమిలోకి దించి, కరెంటు పంపి, కింద రాయి ఉందో నీళ్ళున్నాయో మీటరులో చూసి రాసుకుంది. కడ్డీలు కొట్టింది డిపార్ట్‌మెంట్ అటెండరు భీమయ్య. కాంట్రాక్టు నౌకరీ, సుత్తి పట్టమంటే సుత్తి, టీ పట్టమంటే టీ. నలభై రోజులు ఆ పిల్ల తెచ్చిన మజ్జిగే ఇద్దరూ తాగారు. "భీమన్నా, జర కూర్చో" అంటూ సుత్తి లాక్కుని తానే కొట్టిన రోజులూ ఉన్నాయి.

ఇప్పుడు ఆ పటం పక్కన నిలబడి "నా సర్వే" అంటున్నది పరశురాం, ఆల్మాజ్ గైడు సారుకే ప్రియశిష్యుడు. ఎండలో ఒక్క పూటైనా నిలబడ్డ మొహం కాదు. సొమ్మొకడిది, సోకొకడిది అంటే ఇదే. "డేటా డిపార్ట్‌మెంటుది, నీది కాదు" అని సారు మీటరులోంచి అంకెలన్నీ లాక్కుని ఇతనికి ఇచ్చేశాడు. ఆల్మాజ్ వీసా పొడిగించాలంటే సారు సంతకం కావాలి. నోరెత్తితే సంతకం పడదు. అందుకే చివరి వరుసలో, ఒళ్ళో సర్వేనాటి నోటుపుస్తకం పెట్టుకుని తల దించుకుని కూర్చుంది. ఊరు కాని ఊళ్ళో ఆడపిల్ల నోరు కట్టేసి దోచుకోవడం కూడా చదువేనా అని భీమయ్య పళ్ళు కొరుక్కున్నాడు.

బయటి యూనివర్సిటీ నుంచి పరీక్షకురాలిగా వచ్చిన మేడమ్ కళ్ళజోడు సర్దుకుంది. "పదిహేడో కడ్డీ దగ్గర ఈ గీత ఎందుకు ఎగిరింది?"

పరశురాం తెర వైపు తిరిగాడు. "అక్కడ భూమి లోపల పెద్ద పగులుంది మేడమ్. నేనే స్వయంగా చూసుకున్నాను."

పన్నెండేళ్ళుగా సెమినార్లకు టీలు పట్టిన భీమయ్యకు వాళ్ళ ఇంగ్లీషు కొంత వంటబట్టింది.

"పగులు లేదు, ఏం లేదు!"

హాలంతా వెనక్కి తిరిగింది. ఇక ఆగి లాభం లేదు.

"గాడ పోచమ్మ గద్దె ఉన్నది మేడమ్. తల్లి ముంగట ఇనుము ఎట్ల దిగ్గొడ్త? కొట్టనన్న. గా బిడ్డ ఒక్క మాట అనలే. దండం పెట్టి, కడ్డీని రెండు మీటర్లు ఇవతలికి జరిపిచ్చింది. గీ పరశురాం సారు ఒక్కనాడు గాడికి రాలే. వస్తే గద్దె కనవడదా?"

"నిన్నెవరు మాట్లాడమన్నారు?" గైడు సారు లేచాడు. "రేపట్నుంచి డ్యూటీకి రాకు!"

"రాను సార్. సుత్తి పట్టే చేతికి ఇంకో కాడ పని దొర్కుతది. గని గా బిడ్డ కష్టం గుంజుకునుడు మాత్రం దొంగతనమే."

మేడమ్ సారు వైపు చూడనైనా లేదు. "సర్వే రాసుకున్న పుస్తకం ఎవరి దగ్గరుంది?"

ఆల్మాజ్ లేచింది. నడిచి వచ్చి పుస్తకం బల్ల మీద పెట్టింది. పదిహేడో కడ్డీ అంకె పక్కన, వచ్చీరాని తెలుగులో పెన్సిలు రాత. మేడమ్ పైకి చదివింది: "పోచమ్మ. రెండు మీటర్లు ఇవతలికి. భీమన్న చెప్పిండు."

పుస్తకం మూసి అంది: "కడ్డీ జరిగింది కాబట్టే గీత ఎగిరింది. మీ లెక్కలో ఆ రెండు మీటర్లు లేవు పరశురాం, కూర్చోండి. ఆల్మాజ్, ఇక్కణ్ణుంచి నువ్వు చెప్పు."

ట్రేలో మొదటి కప్పు ఎప్పుడూ గైడు సారుదే. భీమయ్య దాన్ని తీసుకెళ్ళి ఆల్మాజ్ ముందు పెట్టాడు.

"తాగు బిడ్డా. తాగి గట్టిగ చెప్పు."