కూర్చుని చూసిన ఇల్లు

ఇల్లు చూడటానికి వచ్చినవాళ్ళు ఒక్కరూ కూర్చోరెందుకని షరీఫాబీకి ఏళ్ళ తరబడి ఒక సందేహం.

జగ్గయ్యపేటలో వాళ్ళు అద్దెకుంటున్న ఇంట్లో పక్క పోర్షన్ ఎప్పుడూ ఖాళీ అవుతూనే ఉంటుంది. ఓనరు విజయవాడలో ఉంటాడు కాబట్టి తాళంచెవి షరీఫాబీ దగ్గరే. ఎవరొచ్చినా ఆమే తలుపు తీసి, మంచినీళ్ళిచ్చి, కుర్చీ జరిపి "కూర్చోండమ్మా" అనేది. వాళ్ళు "పర్లేదండీ, పర్లేదండీ" అంటూ నిలబడే వంటింట్లోకి తొంగి చూసి, నిలబడే కుళాయి తిప్పి, నిలబడే తలెత్తి శ్లాబు చూసి వెళ్ళిపోయేవారు. పెళ్ళిచూపులకొస్తే గంటసేపు కూర్చుని పిల్లను చూస్తారు. ఏళ్ళకేళ్ళు కాపురం ఉండబోయే ఇంట్లో కాసేపు కూర్చోవడానికేం? ఈ మాట ఒకసారి భర్త అన్సార్‌తో అంటే, "కూర్చుంటే నువ్వు టీ ఇస్తావని భయం" అన్నాడు. సందేహం సందేహంగానే మిగిలిపోయింది.

చివరికి ఇల్లు చూడాల్సిన వంతు వాళ్ళకే వచ్చింది.

కూతురు షమా మగ్గం పని చేస్తుంది. చెక్క చట్రానికి బట్ట బిగించి, నేలమీద కూర్చుని, జాకెట్లమీద జరీతో, పూసలతో పువ్వులూ నెమళ్ళూ కుట్టే పని. నందిగామ బొటిక్‌ల నుంచి ఆర్డర్లు పెరిగాయి. సాయానికి ఇద్దరమ్మాయిలు వస్తున్నారు. ముందుగదిలో రెండు మగ్గాలు పరిస్తే మిగతావాళ్ళు గోడకు ఆనుకుని పక్కకు నడవాల్సిందే. ఇంతలో ఓనరు కొడుక్కి పెళ్ళి కుదిరింది, దసరాలోపు ఖాళీ చెయ్యమని కబురు చేశాడు. అన్సార్ ముక్త్యాల సిమెంటు లోడ్లు తోలి కూడబెట్టిందీ, షమా కుట్టి దాచిందీ కలిపితే సొంతిల్లు ఒక్కసారి కొనగలరు. సరిపడనిది కొంటే దిద్దుకునే ఓపిక లేదు. కొన్న చోట షమా మగ్గం నడవకపోతే బిల్డరుకి వాయిదాలు కట్టేదెవరు?

నందిగామలో కొత్త అపార్ట్‌మెంటు బ్రోచరు చూసి షమా ఎగిరి గంతేసింది. పై అంతస్తులో లాఫ్ట్ ఫ్లాట్లట. హాలు రెండు గదుల ఎత్తు ఉంటుంది. హాలు వెనక సగంలో, మెట్లెక్కి వెళ్ళేలా, ఇంటిలోపలే ఇంకో చిన్న అంతస్తు.

"అటకే కదే! అటకమీద పాత బిందెలు పెట్టుకుంటాం గానీ మనుషులెక్కుతారా?" అంది షరీఫాబీ.

"నీ అటక వేరమ్మా. దీనికి బాత్రూమ్ కూడా ఉంది."

"అటకమీద బాత్రూమా! యా అల్లా, ఇదేదో చూసి తీరాలి."

ఆ ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ బస్సెక్కారు. బిల్డరు నవీన్‌బాబు చెవిటికల్లు రైతుల కుర్రాడు. ఇంజనీరింగ్ చదివాడు. అతను సొంతంగా కడుతున్న మొదటి అపార్ట్‌మెంటు ఇదే. గుమ్మంలోనే ఎదురొచ్చి లిఫ్టులో పైకి తీసుకెళ్ళాడు.

తలుపు తియ్యగానే షమా తలెత్తి చూస్తూ లోపలికి నడిచింది. పడమటి గోడకు నిలువెత్తున కిటికీ. వెలుతురు హాలంతా నిండిపోయి ఉంది. "మాషా అల్లా" అనుకుంది షరీఫాబీ కూడా. అన్సార్ మాత్రం వేలి కణుపులతో గోడల్ని టకటకా కొట్టుకుంటూ ఇల్లంతా తిరిగాడు.

"ఏం తెలిసిందేంటి?" అంది షరీఫాబీ.

"గోడేనని తెలిసింది."

నవీన్‌బాబు పక్కకు తిరిగి నవ్వుకున్నాడు.

మెట్లెక్కి లాఫ్ట్‌లోకి వెళ్ళారు. అక్కడినుంచి కింద హాలూ, ఎదురుగా ఆ పెద్ద కిటికీ కనిపిస్తున్నాయి. అంచున ఎవరూ పడకుండా ఛాతీ ఎత్తు ఇటుకగోడ కట్టారు. షమా ముఖాన వెలుతురు పడుతోంది. "ఇక్కడొక మగ్గం, అక్కడొక మగ్గం, పూసల డబ్బాలు ఈ మూల" అంటూ చేతుల్తో గాల్లోనే సర్దేస్తోంది.

"ఇంకో పార్టీ కూడా అడుగుతున్నారండీ. రేపు టోకెన్ అడ్వాన్సు ఇస్తామన్నారు. మీరు ముందు మాట్లాడారని ఆపా" అన్నాడు నవీన్‌బాబు.

అన్సార్ భార్య వైపు చూశాడు. అప్పుడే దూరంనుంచి సాయంత్రపు నమాజు పిలుపు, అసర్ అజా వినిపించింది.

"కాసేపు ఆగు నాయనా. నమాజు చేసుకుని చెప్తాం" అంది షరీఫాబీ.

"ఇక్కడా అండి? నేలంతా దుమ్ము."

"పరుచుకోడానికి జానమాజ్ తెచ్చుకున్నాలే."

అన్సార్ మసీదుకు బయల్దేరబోయి, దారి తెలీక, కిందే చేసుకుంటానని హాల్లోకి దిగాడు. షరీఫాబీ పై బాత్రూములో వజూకని చేతులూ ముఖమూ కడుక్కుంది. కాళ్ళు కడుక్కుంటుంటే ఒక వింత కనిపించింది. నీళ్ళు తూము వైపు వెళ్ళడం లేదు. కాసేపు ఎటు పోవాలా అని నిలబడినట్టు నిలబడి, గడప వైపు కదిలాయి. పొరపాటేమోనని ఇంకో మగ్గు పోసింది. అవీ గడప దాటి లాఫ్ట్‌లోకి నడిచాయి. 'మీరెటు పోతున్నారర్రా' అనుకుంది గానీ, నమాజు వేళ మించిపోతుందని ఆ సంగతి పక్కన పెట్టింది.

పడమటికి తిరిగి జానమాజ్ పరిచింది. నిలబడి చదువుతున్నంతసేపూ కిటికీ వెలుతురు కళ్ళమీద పడుతూనే ఉంది. సజ్దాకు వంగి నుదురు నేలకు ఆనించేసరికి చీకటి. మబ్బు పట్టిందనుకుంది. లేచి నిలబడితే మళ్ళీ వెలుతురు. మళ్ళీ వంగితే మళ్ళీ చీకటి. 'అల్లా, నీ ముందు నిలబడి మబ్బుల సంగతి ఆలోచిస్తున్నా, మన్నించు' అని లోపలే చెప్పుకుంది. సలాం చెప్పి నమాజు ముగించాక కూడా అక్కడే కూర్చుండిపోయింది. జానమాజ్ అంచున ఉన్న తీగ పచ్చదో నీలందో తెలియడం లేదు. ఆ రెంటికీ తేడా ఇంట్లో కళ్ళజోడు లేకుండానే తెలుస్తుంది. తలెత్తి చూసింది. వెలుతురు ఇటుకగోడ పైనుంచి, ఆమె తలమీదుగా వెనక గోడకు పోతోంది. నేలంతా ఆ ఇటుకగోడ నీడలోనే ఉంది.

"షమా, ఇట్రా. కూర్చో."

"ఎందుకూ?"

"కూర్చోవే తల్లీ, చెప్తా."

షమా కూర్చుంది. షరీఫాబీ కూతురి సంచిలోంచి ఒక జరీ కండె తీసి చేతిలో పెట్టింది. "ఇది బంగారు రంగా, రాగి రంగా?"

షమా చూసింది. కండెను కళ్ళ దగ్గరికి తెచ్చుకుని మళ్ళీ చూసింది.

"లైట్లు పెట్టుకుంటారు కదండీ" అన్నాడు నవీన్‌బాబు.

"లైటు కింద రెండూ ఒకేలా ఉంటాయండీ. కుట్టాక పగటిపూట చూస్తే తెలుస్తుంది. అప్పుడు జాకెట్ వెనక్కొస్తుంది" అంది షమా మెల్లగా. లేచి చున్నీ దులుపుకుంది. "పోదాం పదమ్మా. ఇది మనకు కాదులే."

ఆ గొంతు వినేసరికి షరీఫాబీకి మనసు చివుక్కుమంది. అయినా అడక్కుండా ఉండలేకపోయింది.

"తప్పుగా అడిగితే ఏమనుకోకు నాయనా. ఈ గోడ దేన్నైనా మోస్తోందా?"

"లేదండీ. పైన సామాను కింద హాల్లోకి కనపడకుండా కట్టించా."

"ఇటొచ్చి మా పక్కన కూర్చో ఒక్కసారి. నిలబడితే బాగానే ఉంది, అందుకే ముందు నాకూ తెలీలేదు."

నవీన్‌బాబు ఇస్త్రీ ప్యాంటును కాస్త పైకి లాక్కుని కూర్చున్నాడు. అటూ ఇటూ చాలాసేపు చూశాడు. "కుర్చీలు, మంచాలు వేసుకుంటారనుకుని గీశానండీ. నేలమీద పనిచేసేవాళ్ళు కొంటారని తట్టలేదు" అన్నాడు. తర్వాత తనే, "గోడ తీసి కమ్మీలు పెట్టొచ్చు. కాకపోతే మీ కత్తిరింపు ముక్కలన్నీ హాల్లోకి కనిపిస్తాయి, కింద కుక్కర్ కూత మీ పనిలోకి వినిపిస్తుంది. ఆలోచించుకోండి" అన్నాడు.

"కుక్కర్ కూతకి అలవాటు పడ్డవాళ్ళమే" అంది షమా, మళ్ళీ కొంచెం ఆశగా.

బాత్రూములో నీళ్ళ సంగతి చెబితే నవీన్‌బాబు తనే ఒక మగ్గు పోసి చూశాడు. నీళ్ళు తిన్నగా వచ్చి అతని బూట్లు తడిపాయి. "టైల్స్ తీయించి వాటం సరిచేయిస్తానండీ" అన్నాడు.

"అవన్నీ అయ్యాక వచ్చి చూసి టోకెన్ ఇస్తాం" అంది షరీఫాబీ.

"ఈలోగా ఆ పార్టీ వాళ్ళు..."

"ఇస్తే ఇచ్చుకో నాయనా. మాకు రాసిపెట్టి ఉంటే మాకే ఉంటుంది."

ధైర్యంగా అనేసింది గానీ, బస్సెక్కాక బెంగ పట్టుకుంది. చిల్లకల్లు వచ్చేదాకా షమా కిటికీలోంచి బయటకే చూస్తూ కూర్చుంది. "అల్లా చూపించిన నీడకు వంకలు పెట్టానా?" అని భర్తను అడిగింది షరీఫాబీ.

"అది నీడే కదా మరి, నీ కంప్లయింటు" అన్నాడు అన్సార్. ఆమెకు నవ్వు రాలేదు.

పీర్ల పండగ వెళ్ళిన వారానికి నవీన్‌బాబు ఫోన్ చేశాడు. "పని అయిందండీ. వచ్చి కూర్చుని చూడండి" అన్నాడు. రెండో పార్టీ వాళ్ళకు మెట్లు నచ్చలేదట.

ఈసారి కూడా అసర్ వేళకే వెళ్ళారు. బాత్రూములో పోసిన నీళ్ళు బుద్ధిగా తూములోకి దిగాయి. ఇటుకగోడ ఉన్నచోట సన్నటి కమ్మీలు. వాటి సందుల్లోంచి వెలుతురు చారలు చారలుగా నేలమీద పరుచుకుని ఉంది. షమా ఎవరూ చెప్పకుండానే కూర్చుని, కండె తీసి చూసి, "రాగి" అంది.

షరీఫాబీ వెనక గోడకు అరచెయ్యి ఆనించింది. గోరువెచ్చగా ఉంది. "సాయంత్రం ఎండ ఇక్కడిదాకా వస్తుంది. ఎండాకాలం ఎలా ఉంటుందో" అంది.

"దానిదేముంది, కూలర్ పెడదాం" అన్నాడు అన్సార్.

"నాన్నా! కూలర్ మాటెత్తావంటే ఊరుకోను" అంది షమా.

అన్సార్ నాలిక్కరుచుకున్నాడు. పాతింట్లో షమా మగ్గం పక్కన ఉన్నది ఒక్కటే కిటికీ. ఒక ఎండాకాలం అన్సార్ తల్లి జబ్బుగా ఉందని దానికి కూలర్ బిగించాడు. "ఈ వేసవి దాటనీ తల్లీ, నీ కిటికీ నీకిచ్చేస్తా" అన్నాడు. వేసవి దాటింది. ముసలమ్మ కోలుకుని చిన్నకొడుకు ఇంటికి వెళ్ళిపోయింది. కూలర్ మాత్రం కదల్లేదు; షమా గుమ్మం వెలుతురుతోనే కుట్టుకునేది. ఇంట్లో ఏ పేచీ వచ్చినా షమా చివరికి ఆ కిటికీ బాకీ దగ్గరికే వచ్చేది.

అన్సార్ కిందికి వెళ్ళి నవీన్‌బాబు చేతిలో టోకెన్ పెట్టి, మళ్ళీ మెట్లెక్కి వచ్చి కూతురి పక్కన చతికిలబడ్డాడు. కమ్మీల అవతల నిలువెత్తు కిటికీని చూపించాడు.

"ఇదిగో నీ కిటికీ. ఇంక నన్ను అడక్కు."

"ఇన్నేళ్ళకా? మరి వడ్డీ?"

"వడ్డీ హరామ్."

షమా వేలితో గాల్లో ఒక గీత గీసింది. "సరే పో, చెల్లు" అంది.